మింగడం పాతది

నివేదిక మూడు పేజీలు ఉంది. మొదటి రెండు పేజీల నిండా కేంద్రం సాధించిన విజయాలు. పైడిరాజు మూడో పేజీలో చనిపోయాడు.

చనిపోయాడని కూడా రాయలేదు. "ఫైళ్ళ పేర్లలో పదాల మధ్య ఖాళీలు వదిలిన కారణంగా ఏర్పడిన అవాంఛిత పరిణామం" అని రాశారు. అతని భార్య కాంతిమతి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. ఇరవై మూడేళ్ళుగా పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతున్న మనిషి. తప్పులున్న వాక్యం చూస్తే ఆమెకు కోపం రాదు, రాసినవాళ్ళు ఇంకా నేర్చుకుంటున్నారు కదా అనుకుంటుంది. ఈ వాక్యంలో తప్పేమీ లేదు. కడిగి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసినట్టుంది. అందుకే ఆమెకు కోపం వచ్చింది.

బల్లకు అవతల కూర్చున్న డాక్టర్ చక్రధర్ టీ కప్పు ఆమె వైపు జరిపాడు. భీమిలి దగ్గర కొండ మీద ఈ కదలికల కేంద్రాన్ని కట్టింది ఆయనే. మృదువుగా మాట్లాడతాడు. ఆ మృదుత్వంతోనే విషయం చెప్పాడు. పేర్లు పెట్టింది ఆమె. ఖాళీలు వదిలింది ఆమె. ఆ సంగతి ఒప్పుకుంటూ కింద సంతకం పెడితే చాలు, ఎవరూ ఆమెను ఏమీ అనరు. పెట్టకపోతే పైనుంచి వచ్చే కమిటీ కేంద్రానికి తాళం వేస్తుంది. మిగిలిన పదకొండు మంది రోగుల పట్టీలు ఆగిపోతాయి.

"వాళ్ళ నోటి దగ్గర ముద్ద మీ చేతిలో ఉందమ్మా," అన్నాడు.

ముద్ద అన్న మాట ఆయన నోటివెంట అంత తేలిగ్గా రావడం చూసి కాంతిమతి టీ కప్పును ఉన్నచోటికే తిరిగి జరిపింది. రేపు చెబుతానని లేచింది.

*

పైడిరాజు విజయనగరం, పాలకొండ మధ్య బస్సు నడిపేవాడు. ఒక రోజు విజయనగరం దాటాక అతని ఎడమ చెయ్యి గేరు మీద నుంచి జారి ఒళ్ళో పడింది. తీసి మళ్ళీ గేరు మీద పెట్టుకున్నాడు. మళ్ళీ జారింది. ప్రయాణికులను దింపి, వెనక వస్తున్న బస్సు ఎక్కించి, తాను రోడ్డు పక్కన కూర్చున్నాడు. అప్పటికి అతనికి నలభై ఏడేళ్ళు.

నరాలు ఒక్కొక్కటిగా మెదడు మాట వినడం మానేసే జబ్బు అది. మందు లేదు. కేంద్రంలో ఉన్నది మందు కాదు, ఒక ఉపాయం. ఒళ్ళు ఇంకా వింటున్న రోజుల్లోనే మనిషి చేసే ప్రతి కదలికనూ పట్టీలు చుట్టి రికార్డు చేస్తారు. లేచి నిలబడడం, చెంబు ఎత్తడం, అన్నం కలపడం. ఒక్కో కదలిక ఒక్కో ఫైలు. తరవాత నరాలు మొండికేసినప్పుడు అదే పట్టీ, మనిషి ఇంట్లో ఉన్నా సరే, కేంద్రం నుంచి ఆ ఫైలును తెచ్చుకుని కండరాలకు వినిపిస్తుంది. ఒళ్ళు తన పాత మాటనే విని కదులుతుంది. గొంతు చుట్టూ కట్టే పట్టీ ఒకటి ఉంది. అది మింగడానికి.

మొదట్లో ఫైళ్ళకు అంకెలు ఉండేవి. రెండు వందల పదిహేడు నొక్కమంటే ఎవరో రెండు వందల పదహారు నొక్కి, నీళ్ళు తాగవలసిన మనిషి చేత తల దువ్వించారు. అప్పుడు కేంద్రంవాళ్ళు రోగుల ఇళ్ళల్లో కాస్త చదువుకున్నవాళ్ళ కోసం చూశారు. కాంతిమతి ఒప్పుకుంది. శనివారాలు, సెలవు రోజులు వచ్చి పన్నెండు మంది కదలికలకూ వాళ్ళ వాళ్ళ మాటల్లోనే పేర్లు రాసింది. చేపల వేట అప్పన్న భార్య నరసమ్మ "వల సర్దడం" అంటే అలాగే రాసింది. అప్పన్న ఇక సముద్రం మీదికి వెళ్ళడని ఆ గదిలో అందరికీ తెలుసు.

పైడిరాజు గేరు వేయడం రికార్డు చేయించుకున్నాడు. కుర్చీలో కూర్చుని, చీపురుకర్ర పట్టుకుని, నాలుగు గేర్లూ వేశాడు.

"ఏటి టీచరుగారూ, దీనిక్కూడా పేరు రాసీసినారా?" అన్నాడు.

రాశానంది.

"మరి మార్కులెన్నేస్తారు?"

"రివర్సు గేరు వేయలేదు మీరు. అయిదు మార్కులు కోత."

"ఎనక్కెల్లడం మనకెందుకే," అని నవ్వాడు.

ఆ మొదటి వారంలోనే కాంతిమతి నిఖిలేశ్‌ను ఒక మాట అడిగింది. నిఖిలేశ్ కేంద్రంలో కంప్యూటర్లు చూసే ఇంజనీరు, ముప్పై దాటినవాడు, మర్యాదస్తుడు. తను పదానికీ పదానికీ మధ్య ఖాళీ వదులుతోంది, యంత్రానికి ఏమైనా ఇబ్బందా అని అడిగింది. ఒకటో తరగతి పిల్లలకు ఆమె నేర్పే మొదటి సంగతే అది. ఒక మాట రాశాక ఎడమచేతి చూపుడువేలు ఆనించాలి, వేలు అవతల రెండో మాట మొదలుపెట్టాలి. వేలు పెట్టని పిల్లల పుస్తకంలో మాటలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. నిఖిలేశ్ తెర మీద నుంచి తల తిప్పకుండా, పర్లేదు మేడం, మీకు ఎలా వీలైతే అలా పెట్టుకోండి అన్నాడు.

ఆమె అడిగింది. అతను పర్లేదన్నాడు. నివేదికలో ఈ రెండు మాటలూ లేవు.

*

శ్రావణంలో పైడిరాజుకు జలుబు చేసింది. ఆ జలుబులోనే రికార్డు చేసిన మింగుడులో కఫం అడ్డం పడింది. గొంతు తెరుచుకున్నాక ఒక క్షణం ఆలస్యంగా మూసుకునేది. ఆ ఫైలు బాగాలేదని, జలుబు తగ్గాక, గొంతు ఇంకా మాట వింటున్న పూట చూసి, గురువారం బడి అయ్యాక మళ్ళీ తీశారు. ఈసారి చక్కగా వచ్చింది. కాంతిమతి కొత్తదానికి "మింగడం" అని పేరు పెట్టి, చెడిపోయినదాని పేరు "మింగడం పాతది" అని మార్చింది. కేంద్రంలో పద్ధతి అదే. చివర "పాతది" అని ఉన్న ఫైళ్ళన్నిటినీ ఒక ప్రోగ్రాం రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు, అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు, ఏరి తీసేస్తుంది.

శుక్రవారం సాయంకాలం నాలుగున్నరకు ఇంట్లో కాంతిమతి ఉప్మా చేసింది. గొంతు పట్టీ కట్టింది. జీడిపప్పులు ఏరి తన వైపు పెట్టుకోబోతే అతను కళ్ళతోనే పట్టుకున్నాడు. రెండు జీడిపప్పులు వెనక్కి వేసింది. ముద్ద నోట్లో పెట్టి పట్టీ మీట నొక్కింది.

గొంతు తెరుచుకుంది. ఒక క్షణం ఆలస్యంగా మూసుకుంది.

ఆమె మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే ఆలస్యం. పట్టీ తన పని తాను చేసుకుపోయింది. ఊపిరి ఆడని గొంతులోకి మరో ముద్దను, లేని ముద్దను, ఎంతో ఓర్పుగా దింపుతూనే ఉంది. ఆమె పట్టీ తెంపింది. వేళ్ళు పెట్టి తీసింది. వీపు మీద చరిచింది. పక్కింటివాళ్ళు ఆటో తెచ్చేసరికి అతని చెయ్యి ఆమె ఒళ్ళో ఉంది. బస్సులో గేరు మీద నుంచి జారినప్పుడు పడినట్టే.

పన్నెండో రోజు గడిచినా కాంతిమతికి ముద్ద గొంతు దిగలేదు. అన్నం ఉడికే వాసనకే వాంతి వచ్చేది. మజ్జిగ తాగి బడికి వెళ్ళేది. మధ్యాహ్నం పిల్లలు వరసగా కూర్చుని తింటుంటే వరండా చివరికి వెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడేది. ఇంతమంది ఇంత నిర్లక్ష్యంగా మింగుతున్నారు అనిపించేది. ఆ తలంపుకు తనంటే తనకే రోత పుట్టేది.

*

నివేదిక చూసి వచ్చిన సాయంకాలమే నిఖిలేశ్ ఆమె ఇంటికి వచ్చాడు. చెప్పులు విప్పి గుమ్మంలోనే నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చున్నాడు. ఏం జరిగిందో చెప్పబోయి, రాసి చూపిస్తానన్నాడు. ఆమె కాగితం ఇచ్చింది. ప్రోగ్రాంలోని మూడు పంక్తులు రాసి, వాటిని చూస్తూ చెప్పాడు.

ప్రోగ్రాం ముందు ఒక జాబితా తీసుకుంటుంది, అందులో ఒక్కో పేరూ చదివి ఆ ఫైలును తుడిచేస్తుంది, మళ్ళీ తరవాతి పేరుకు వస్తుంది. చివరిదాకా అదే తిరుగుడు. కానీ పేరు ఎక్కడ అయిపోయిందో దానికి తెలియదు. ఖాళీ కనిపిస్తే పేరు అయిపోయిందనుకుంటుంది.

కాంతిమతి కాసేపు ఆ పంక్తులు చూసింది.

"మా బడిలో చిన్న లక్ష్మి అని ఒక పిల్ల, లక్ష్మి అని ఒక పిల్ల ఉన్నారు," అంది. "చిన్న లక్ష్మికి టీసీ ఇచ్చి పంపమని కాగితం వస్తే, మీవాడు తరగతికొచ్చి ముందు చిన్న ఎవరని అడుగుతాడు. ఎవరూ లేవరు. తరవాత లక్ష్మి ఎవరంటాడు. లక్ష్మి లేస్తుంది. దాన్ని బయటికి పంపేస్తాడు. చిన్న లక్ష్మి బెంచీ మీదే ఉంటుంది. అంతేనా?"

నిఖిలేశ్ అంతే మేడం అన్నాడు.

"మింగడం పాతది" తీసేయమని జాబితాలో ఉంది. ప్రోగ్రాం "మింగడం" అన్న ఫైలును వెతికింది, దొరికింది, తుడిచేసింది. "పాతది" అన్న ఫైలును వెతికింది, లేదు. చెడిపోయిన ఫైలు ఉన్నచోటే ఉంది. సాయంకాలం గొంతు పట్టీ, మింగడం అన్న మాట పేరులో ఉన్న ఫైలు కోసం చూస్తే దానికి దొరికింది అదొక్కటే.

"మరి అంతకుముందు ఎవరివీ పోలేదే?"

పోలేదు. అంతకుముందు పాతవైనవన్నీ రెండు మాటల పేర్లు. "జడ వేయడం పాతది" అంటే జడ అన్న ఫైలూ లేదు, వేయడం అన్న ఫైలూ లేదు. ఏదీ పోలేదు, పాతవి ఏవీ తొలగలేదు కూడా. ఒంటి మాటతో ఉన్న పేరు మొదటిసారి పైడిరాజుదే వచ్చింది.

"లేని ఫైలును వెతికినప్పుడు మీ యంత్రం ఏమీ అనదా?"

అంటుంది మేడం, అన్నాడు నిఖిలేశ్. అలాంటి ఫైలు లేదు, అలాంటి ఫైలు లేదు అని నలభై రోజులపాటు రోజుకు వందల పంక్తులు రాసింది. తెర నిండిపోతోందని, ఆ ఫిర్యాదులు కనబడకుండా పోయేలా అతనే ఒక మాట చేర్చాడు. అది చెప్పి ఏడ్చాడు.

కాంతిమతి అతన్ని ఓదార్చలేదు. ఆ ఏడుపు కూడా ఆమెకు వెగటుగా ఉంది. తప్పు చేసిన పిల్లలు ఏడిస్తే ఆమె దగ్గరికి తీసుకుంటుంది. ఇతను నలభై రోజులు యంత్రం నోరు నొక్కి, ఇప్పుడు తన నోరు తెరిచాడు. దీన్ని సరిచేయడానికి ఎంత పని పడుతుందని మాత్రం అడిగింది.

అతను కలం తీసి, పేరు వచ్చే చోట అటు ఒకటి ఇటు ఒకటి కొటేషన్ గుర్తులు పెట్టి చూపించాడు. ఆ రెండు గుర్తుల మధ్య ఉన్నదంతా ఒకే పేరని యంత్రం అనుకుంటుందట.

ఎవరైనా అన్న మాటను అన్నట్టుగా, విడగొట్టకుండా అప్పగించడానికి పెట్టే గుర్తులు. మూడో తరగతిలో చెబుతుంది ఆమె. ఆ రెండు గీతలు లేక ఆమె ఇంట్లో ఇప్పుడు కంచాలు కడగడమే లేదు.

వెళ్ళేముందు నిఖిలేశ్ ఇంకో సంగతి చెప్పాడు. రేపు పదకొండు గంటలకు మిగిలిన రోగుల ఫైళ్ళన్నిటి పేర్లలోనూ ఖాళీలు తీసేసి, ఆ చోట గీత పెట్టే కొత్త ప్రోగ్రాం నడపబోతున్నారు. కమిటీ వచ్చేలోగా ఎక్కడా ఒక్క ఖాళీ కనబడకూడదని డాక్టరుగారు చెప్పారట. ఆ ప్రోగ్రాం తనే ఒక్క రోజులో రాసిచ్చానన్నాడు.

"ఒక్క రోజులో," అంది కాంతిమతి.

*

మర్నాడు పదిన్నరకే ఆమె కొండెక్కింది. కింద వార్డులో నరసమ్మ అప్పన్నకు పట్టీ కడుతోంది. పదకొండున్నరకు అతనికి అన్నం వేళ. నరసమ్మ ఆమెను చూసి, ఒక్క మాట అడుగుతాను ఏటీ అనుకోకండి అంది.

"పేర్లన్నీ మార్చీస్తారంట కదా టీచరమ్మా. మరి మా ఓడి గొంతుకి తెలుస్తాదేటి, పేరు మారిందని?"

కనుక్కుని చెబుతానంది కాంతిమతి. మెట్లెక్కుతూ, తను దిగి వచ్చేదాకా ముద్ద పెట్టవద్దని కూడా చెప్పింది.

పైన గదిలో చక్రధర్ కలం తీసి సిద్ధంగా ఉంచాడు. ఆమె కొత్త ప్రోగ్రాం కాగితం మీద చూపించమంది. అది మీకు అర్థం కాదమ్మా అన్నాడాయన. అర్థం కాకపోతే సంతకం ఎలా పెట్టను అంది. నిఖిలేశ్ ప్రింటు తీసి ఇచ్చాడు. పద్దెనిమిది పంక్తులు.

కాంతిమతి సంచిలో నుంచి ఎర్ర కలం తీసింది. ప్రోగ్రాం ఏం చెబుతోందో పూర్తిగా ఆమెకు తెలియదు. ఆమె వెతికింది ఒక్కటే. పేరు వచ్చిన ప్రతి చోటా అటూ ఇటూ గుర్తులున్నాయా? వేలు పెట్టి ఒక్కో పంక్తీ చూసుకుంటూ వచ్చింది. మొదటి చోట ఉన్నాయి. రెండో చోట, మూడో చోట, నాలుగో చోట ఉన్నాయి. పదహారో పంక్తి దగ్గర వేలు ఆగింది.

"ఇది ఏం చేస్తుంది?"

కొత్త పేరుతో నకలు తీశాక, పాత పేరుతో ఉన్నదాన్ని తుడిచేస్తుందన్నాడు నిఖిలేశ్. అంటూ ఆ పంక్తి చూశాడు. కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు.

"అప్పన్నకి మింగడం అని ఒక ఫైలుంది," అంది కాంతిమతి. "నీళ్ళు మింగడం అని ఇంకోటుంది. పేర్లు పెట్టింది నేనే, నాకు గుర్తుంది. నీళ్ళు మింగడం పాత పేరు తుడవమంటే ఈ పంక్తి ఏం తుడుస్తుంది?"

నిఖిలేశ్ ఆ పంక్తి మీద వేలు పెట్టి మళ్ళీ చదివాడు.

"చెప్పండి."

"మింగడం పోతుంది మేడం."

"పదకొండున్నరకి నరసమ్మ అన్నం పెట్టి మీట నొక్కితే?"

"నీళ్ళది మొదలవుతుంది. అన్నానికి అది చాలదు."

చక్రధర్ ఇదంతా సాంకేతిక వివరమని, సరిచేసుకుంటారని, ఇప్పుడు అసలు విషయానికి రావాలని అన్నాడు. కాంతిమతి ఆయన వైపు చూసింది. ఇంతసేపూ ఆయన గోడ గడియారం చూస్తున్నాడు, ఆ కాగితం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆ కాగితాన్ని ఆయన ముందుకు జరిపి మాట్లాడింది.

"సార్, ఖాళీ మీద నేరం మోపి నా మొగుడి చావు మూసేస్తున్నారు. అదే తప్పుతో ఇంకొకరిని చంపబోయారు, అరగంటలో. నేను రాకపోతే ఆ నివేదికకి నాలుగో పేజీ వేసుకునేవారు."

ఆయన ఏదో అనబోయాడు. ఆమె నివేదికను తిప్పి, వెనక ఖాళీగా ఉన్న పేజీ మీద ఎర్ర కలంతోనే రాసింది. పేర్ల మధ్య ఖాళీలు నేనే వదిలాను. వదలవచ్చా అని ముందే అడిగాను. వదలవచ్చన్నారు. చెడిపోయిన ఫైలును "మింగడం పాతది" అన్న పేరుతో ఉంచింది నేను. ఆ పేరును రెండు ముక్కలు చేసి మంచి ఫైలును తుడిచేసింది కేంద్రం ప్రోగ్రాం. నలభై రోజులు యంత్రం చేసిన ఫిర్యాదులు ఎవరికీ కనబడకుండా చేశారు. నా భర్తకు ఉప్మా పెట్టింది నేను. ఆఖరి వాక్యం కొట్టేద్దామనుకుని, ఉంచేసింది. కింద సంతకం పెట్టి తేదీ వేసింది. దీని నకలు కమిటీకి తనే స్వయంగా ఇస్తానంది.

తరవాత పదహారో పంక్తిలో, పేరుకు అటూ ఇటూ ఎర్ర గీతలు పెట్టి కాగితం నిఖిలేశ్‌కు ఇచ్చింది. అతను గబగబా కంప్యూటరులో దిద్ది, నడపమంటారా మేడం అన్నాడు.

"అప్పన్న దాని మీద కాదు. మా ఆయన ఫోల్డరు ఉందిగా?"

ఉంది. ఆమె దాన్ని తెరవమంది. తెర మీద పైడిరాజు వరసగా కనిపించాడు. లేచి నిలబడడం. చెంబు ఎత్తడం. గేరు వేయడం. కింద, మింగడం పాతది.

ఆమె గేరు దగ్గర ఆగి, చూపు తిప్పుకుంది. నిఖిలేశ్ మెల్లగా అడిగాడు, ఆ చివరిదాన్ని తీసేయమంటారా అని. దాన్ని చూస్తూ ఉండలేమన్నాడు.

"ముట్టుకోవద్దు," అంది కాంతిమతి. "దీని పేరు కూడా మార్చొద్దు. దాని పక్కన మింగడం అని ఒక ఉత్తుత్తి ఫైలు పెట్టండి. ఇకమీదట మీరేం రాసినా, మీ తరవాత ఎవరొచ్చి రాసినా, ముందు ఈ ఫోల్డరుకి నకలు తీసి, దాని మీద నడిపి చూడండి. పక్కనున్న మింగడం బతికుంటేనే మిగతావాళ్ళ దగ్గరికి వెళ్ళండి. ఆ ఫిర్యాదుల నోరు కూడా విప్పండి."

నిఖిలేశ్ నకలు తీసి, దాని మీద నడిపాడు. నాలుగు పేర్లు మారాయి. మింగడం ఉన్నచోటే ఉంది. తరవాత, ఎర్ర గీతలు పెట్టకముందున్న ప్రోగ్రాంను ఇంకో నకలు మీద నడపమంది. నడిపాడు. మింగడం పోయింది. ఇద్దరూ దాన్ని చూశారు. చక్రధర్ అప్పటికి గదిలో లేడు, వరండాలో ఎవరికో ఫోన్‌లో మృదువుగా ఏదో చెబుతున్నాడు.

దిద్దిన ప్రోగ్రాంను అప్పుడు అప్పన్న మీద నడిపారు. కాంతిమతి మెట్లు దిగింది.

నరసమ్మ కంచం పట్టుకుని ఆమె కోసమే చూస్తోంది. తెలుస్తుంది, పెట్టమంది కాంతిమతి. చేపల పులుసు అన్నం. వాసన ఆమె దాకా వచ్చింది. అయినా గోడ వైపు తిరగలేదు. నరసమ్మ ముద్ద పెట్టి మీట నొక్కింది. కాంతిమతి అప్పన్న గొంతునే చూస్తూ నిలబడింది. గొంతు తెరుచుకుంది, ముద్ద దిగింది, వెంటనే మూసుకుంది.

"ఇంకోటి పెట్టు," అంది.

కంచం ఖాళీ అయ్యేదాకా అక్కడే ఉంది. నరసమ్మ గిన్నెలో మిగిలిన అన్నం చూపించి, మీరూ ఓ ముద్ద తినండి టీచరమ్మా అంది. కాంతిమతి వద్దనలేదు, తీసుకోనూ లేదు. అరచెయ్యి పట్టింది. నరసమ్మ ముద్ద పెట్టింది. అది పట్టుకుని బయట మెట్టు మీద కూర్చుంది. కింద రోడ్డు మీద ఒక బస్సు కొండ ఎక్కుతూ గేరు మార్చింది.

ముద్ద నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది. ఎవరూ మీట నొక్కలేదు.

మింగింది.